మోకాలి కుదుపు చెప్పే సంగతి

అద్దంకికి పొరుగున ఉన్న దర్శి, పొదిలి తాలూకాలు 1970 వరకు నెల్లూరు జిల్లాలోనివి. ఆ జిల్లా పల్లెలలో వెన్ను బిగిసి, నడవలేక మంచాన పడినవారిని పరిశీలించి, బావినీటిలోని ఫ్లోరైడే ఇందుకు కారణమని 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ అనే వైద్యులు ప్రకటించారు.

కాళ్ళు చచ్చుబడినప్పుడు లోపం కాలి నాడిలో ఉన్నదా, వెన్నుపాములో ఉన్నదా? ఈ ప్రశ్నకు మోకాలు జవాబు చెబుతుంది.

2, 3, 4 కటి నాడుల శాఖలు కలిసి తొడ నాడి (ఫెమరల్ నాడి) ఏర్పడుతుంది. ఇది గజ్జ వద్ద ధమనికి వెలుపలి ప్రక్కగా తొడలో ప్రవేశించి, మోకాలిని చాపే పెద్ద కండరాన్ని నడుపుతుంది. తొడ ముందుభాగపు స్పర్శజ్ఞానం కూడా దీనిదే. ఇది దెబ్బతింటే మెట్లెక్కడం కష్టం. నిలబడినవాని మోకాలు మడతపడుతుంది.

మోకాలిచిప్ప క్రింద తట్టితే కాలు ముందుకు ఎగురుతుందని 1875లో జర్మనీలో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ వేర్వేరుగా, ఒకే పత్రికలో వర్ణించారు. తట్టిన వార్త తొడ నాడి ద్వారానే వెన్నుపాముకు పోతుంది. ఆజ్ఞ కూడా ఆ దారినే తిరిగివస్తుంది. కనుక నాడి చెడితే కుదుపు తగ్గుతుంది, లేదా మాయమవుతుంది. మెడలోనో వీపులోనో పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కితే మెదడు అదుపు తప్పి కుదుపు హెచ్చుతుంది. ముదిరిన ఫ్లోరోసిస్‌లో తరచు కనబడేది ఈ రెండవదే.

చిన్న సుత్తి దెబ్బ లోపమెక్కడో చూపుతుంది. కాని పెరిగిన ఎముకను కరిగించే మందు లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు లేని నీరు త్రాగటమే నివారణ.