కిటికీకి అవతల

పహణి కోసం తాలూకా కచేరీ కిటికీ ముందు నిలబడిన అనుభవం మన కెంచార్లహళ్ళి రైతులకు కొత్త కాదు. దస్తావేజుల గదిలోకి ఎవరినీ రానివ్వరు. సర్వే నంబరు చెప్పాలి, రుసుము కట్టాలి, లోపలివారు తీసి ఇవ్వాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నా, అర్జీ మాత్రం కన్నడంలో, ఫారం అడిగిన వరుసలోనే రాయాలి.

కంప్యూటరులోనూ అలాంటి కిటికీ ఉంది. దాని పేరు సిస్టమ్ కాల్. డిస్కు, తెర, మెమరీ, వీటిపై అధికారమంతా ఆపరేటింగ్ సిస్టంలోని కెర్నల్ అనే భాగానిది. మనం నడిపే ప్రోగ్రాము వాటిని నేరుగా ముట్టబోతే ప్రాసెసరే అడ్డుకుంటుంది. అందుకని ప్రోగ్రాము తనకు కావలసిన పని నంబరునూ, వివరాలనూ రిజిస్టర్లలో పెట్టి కెర్నల్‌ను పిలుస్తుంది. కెర్నల్ ఆ నంబరును పట్టికలో చూసి, తగిన ఫంక్షన్‌ను నడుపుతుంది.

ఈ నంబర్లకు చరిత్ర ఉంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ 1969లో ప్రారంభించిన యూనిక్స్‌కు 1971లో మొదటి మాన్యువల్ వచ్చింది. అందులో చదవడానికి 3, రాయడానికి 4, ఫైలు తెరవడానికి 5. ఇరవై ఏళ్ళకు, 1991లో, హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన లినక్స్‌లో అవే నంబర్లు ఉంచాడు. కొత్త ఫైలు సృష్టించే ‘క్రియేట్’ పేరులో చివరి ‘ఈ’ అక్షరం యూనిక్స్‌లో లేదు, లినక్స్‌లోనూ లేదు. నా తరగతిలో అయితే దానికి ఒక మార్కు కోసేస్తాను. కాని ఒకసారి ప్రకటించిన పేరును, నంబరును దిద్దితే, వాటిని నమ్మి రాసిన పాత ప్రోగ్రాములు ఆగిపోతాయి.

చాలాకాలం లినక్స్‌లో ఈ ఫంక్షన్లను మామూలు సీ భాషా ఫంక్షన్లలాగే నిర్వచించేవారు. 64 బిట్ల యంత్రాలు వచ్చాక చిక్కు బయటపడింది. రిజిస్టరులో 64 గళ్ళున్నా కొన్ని వివరాలకు 32 చాలు. మిగిలిన గళ్ళను సరిగా ఉంచే బాధ్యత పిలిచేవారిదని కొన్ని ప్రాసెసర్ల ఒప్పందం. ఇక్కడ పిలిచేది బయటి ప్రోగ్రాము! గుమాస్తా ఫారంలో కుడి గళ్ళు మాత్రమే చూసి సరేనంటే, ఖజానాలో ఎడమ గళ్ళు కూడా కలిపి చెల్లించినట్టు, తనిఖీ ఒక అంకెకు, వాడకం మరో అంకెకు జరగవచ్చు. దాంతో యంత్రం కూలిపోవచ్చు, పరాయివాడికి పూర్తి అధికారం దక్కవచ్చు.

దీనికి హైకో కార్స్టెన్స్ రాసిన మార్పులు 2009 మార్చిలో వెలువడిన లినక్స్ 2.6.29లో చేరాయి. అప్పటినుంచి నిర్వచనం ‘సిస్‌కాల్ డిఫైన్’ అనే మాటతో మొదలవుతుంది. ఆ మాటను ఆనుకొని వివరాల సంఖ్య, సున్నా నుంచి ఆరు వరకు. తర్వాత పేరు, ఆపై ఒక్కొక్క వివరానికి రకం ఒకటి, పేరు ఒకటి, మధ్య కామా. రకాన్ని, పేరును కామాతో విడదీయడం వింతగా కనిపిస్తుంది కాని, దానివల్లే ఒక్క నిర్వచనం నుంచి రెండు ఫంక్షన్లు పుడతాయి. బయటిది అన్నిటినీ పూర్తి వెడల్పుతో అందుకుంటుంది. ఒక్కొక్కదాన్ని అసలు రకానికి కుదించి లోపలిదానికి అందిస్తుంది. బయటివాడు గీసిన గీతలు గడప దగ్గరే రాలిపోతాయి.

రాసే కాల్‌కు మూడు వివరాలు: ఎక్కడికి, ఏ చోటునుంచి, ఎన్ని బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో ‘తెలుగు’ అన్న మాటకు 18 బైట్లు, ‘కన్నడ’కు 15. ఏది ఏ భాషో కెర్నల్‌కు పట్టదు. 18కి బదులు పొరపాటున 17 అని ఇస్తే చివరి ఉకారం మధ్యలో తెగుతుంది. కెర్నల్ మాత్రం 17 రాశానని నిక్కచ్చిగా జవాబిస్తుంది.