తెరచిన తలుపులు

వేసవి సెలవులకు ముందు వరంగల్లు, హనుమకొండ ప్రాంతముల ప్రాథమికోన్నత పాఠశాలలలో ఏడవ తరగతి ముగించిన పిల్లలకు వీడ్కోలు సభలు జరుగుచుండును. మామిడాకుల తోరణము, అందరును కలిసి తీయించుకొను ఫోటో, నాలుగు పాటలు, పెద్దల హితవచనములు. దయ కలిగి యుండుడన్న మాట ఆ హితవచనములలో తరచు వినవచ్చును. పిల్లలకు దయను గూర్చి చెప్పుట మంచిదే. కాని పిల్లవాని చేతికి పట్టా అందవలెనన్న, అంతకు పూర్వము పెద్దలు చూపవలసిన దయ యొకటి కలదు. దాని మాట అంతగా వినబడదు. మన ఓరుగల్లుతో సంబంధించిన చరిత్రలో దానికి నిదర్శనములున్నవి గనుక వానిని తలచుకొందము.

నిజాము రాజ్యమున 'మిడిల్ పాసయినాడు' అనుట చిన్న మాట కాదు. అయితే పై చదువులకు ఉర్దూయే వాకిలి. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా గైకొన్నది. ఇంగ్లీషు లేకయే ఉన్నతవిద్య గరపవచ్చునని చూపిన ఘనత దానిదని మేము ఒప్పుకొందుము. కాని ఇంటిలో తెలుగు మాటలాడు బిడ్డకు ఉర్దూయు నేర్చుకొనవలసిన భాషయే కదా!

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార మహాసభ జరిగినది. అందు ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున ప్రసంగింపబోగా సభికులు గేలి చేసిరి. ఆ రాత్రియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. దానికి ప్రాణముగా నిలిచినవారిలో మాడపాటి హనుమంతరావు ఒకరు. యౌవనమున హనుమకొండలో కొలువు చేసినవారు. 1904లో అచట వెలసిన శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమునకు అండగా నుండినవారు. 1928లో ఆయన మిత్రుల తోడ్పాటుతో హైదరాబాదు నారాయణగూడలో తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పిరి. బోధన తెలుగున. అందుచేతనే ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. చదువు చెప్పుటకు ఉపాధ్యాయులున్నారు, చదువుకొనుటకు పిల్లలున్నారు. చదివితిమని చెప్పు కాగితమిచ్చువారే లేరు.

ఆ కాగితము మహారాష్ట్రము నుండి వచ్చినది. మహర్షి కార్వే 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయము మాతృభాషలో బోధనను తన సూత్రముగా పెట్టుకొన్నది. అది నారాయణగూడ పాఠశాలకు గుర్తింపునిచ్చి, మన బాలికలకు పరీక్షల త్రోవ చూపినది. శ్రోతలకు ఇచట ఒక విశేషము చెప్పవలెను. 1921లో తెలుగు మాటకు గేలి జరిగిన ఆ సభకు అధ్యక్షుడు ఈ కార్వేయే!

ఇక ఓరుగల్లు కథ. 1938 చివర ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో విద్యార్థులు వందేమాతరమును పాడగా అధికారులు నిషేధించిరి. గీతముపై వాదములు నాడును కలవు, నేడును కలవు. వాని జోలికి మనము పోవలదు. విద్యార్థులు పాట మానలేదు, సమ్మె కట్టిరి, వందలకొలది బహిష్కృతులైరి. ఆ అల వరంగల్లు ఇంటర్మీడియట్ కళాశాలను తాకినది. నర్సంపేట తాలూకా లక్నేపల్లిలో 1921లో పుట్టిన పాములపర్తి వేంకట నరసింహారావు నాడు అచట విద్యార్థి. పదునేడేండ్ల వయసు. ఆయనయు వెలికి పంపబడెను.

చదువు నడుమ బహిష్కృతుడైన బాలుని స్థితి ఊహింపుడు. రాజ్యములో మరియొక విశ్వవిద్యాలయము లేదు. వెలుపలి విశ్వవిద్యాలయములు వీరిని చేర్చుకొనుటకు వెనుకాడినవి. ఇంటివారు చీవాట్లు పెట్టినను పెట్టకున్నను, ఏడు గడచిపోవుచున్నది. అట్టి వేళ నాగపూరు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు టి. జె. కేదార్ ఈ విద్యార్థులను చేర్చుకొనుటకు సమ్మతించెను. పొరుగు రాష్ట్రపు పిల్లలు, ప్రభుత్వమునకు కంటకులైనవారు, ఉర్దూలో చదివి ఇంగ్లీషులో పరీక్ష వ్రాయవలసినవారు. వీరిని కాదనుటకు కావలసినన్ని కారణములు దొరకెడివి. ఆయన కాదనలేదు. దయ యన్నంత మాత్రమున మనకు అన్నదానము, ధనదానము స్ఫురించును. విద్యార్థికి మాత్రము హాజరుపట్టీలో ఒక పేరు, పరీక్షామందిరములో ఒక బల్ల చాలును. ఆ రెంటిని ఈయగలవాడు ఈయకున్నచో ఎంత సానుభూతి చూపియు ప్రయోజనము లేదు. ఈ విషయమున కేదార్ పేరు మన పిల్లలకు తెలియకుండుట మాకు వెలితిగా తోచును.

కాజీపేట నుండి బల్లార్షా మీదుగా నాగపూరునకు పోవు రైలుమార్గము అప్పటికి ఏర్పడియుండుట కూడ మన విద్యార్థులకు కలిసివచ్చినది. నరసింహారావు నాగపూరున ఇంటర్మీడియట్ ముగించి, పూనాలోని ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రుడై, మరల నాగపూరునకే వచ్చి న్యాయశాస్త్రము చదివెను. తరువాతి కథ లోకమెరిగినదే: 1991లో ప్రధానమంత్రి, 2024లో మరణానంతరము భారతరత్నము.

లోకము అంతగా తలచుకొనని భాగము వేరు. ఆయన ముఖ్యమంత్రిగానున్న 1971లో నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున గురుకుల పాఠశాల తెరువబడినది. మరుసటి యేడు తాడికొండ, కొడిగెనహళ్లిలలో అట్టివే వెలసినవి. 1985లో ఆయన కేంద్రమున మానవవనరుల శాఖను చేపట్టిరి. నవోదయ విద్యాలయములు మొదలైనది ఆ కాలముననే. తొలి రెంటిలో ఒకటి నాగపూరునకు పొరుగుననున్న అమరావతిలోనిది. ఓరుగల్లు ప్రక్కన మామునూరులో నేడొక నవోదయ కలదు. సీట్లలో ముప్పాతిక వంతు పల్లెపిల్లలకు. ఆరవ తరగతిలో చేరినవారికి ఎనిమిదవ తరగతి ముగియువరకు చదువునకు గాని, తిండికి గాని, వసతికి గాని ఒక్క రూపాయి ఖర్చు లేదు.