ఇస్త్రీపెట్టె పట్టిన చైనీయులు

బంగారం కోసం, ఆపై రైలుమార్గం పనికి చాలామంది చైనీయులు కాలిఫోర్నియా చేరారు. 1869లో ఆ పట్టాలు పూర్తవగానే కూలి కరువైంది. మిగిలిన దారుల్లో ఒకటి బట్టలుతకడం. సబ్బు, నీళ్లు, ఇస్త్రీపెట్టె, చిన్న గది ఉంటే చాలు. ఇంగ్లిషూ పెద్దగా అక్కర్లేదు. ఆడపని అంటూ తెల్ల మగవాళ్లు చాలామంది ముట్టని వృత్తి కూడానూ!

తెల్లవాళ్లు అదీ ఓర్వలేకపోయారు.

1880లో శాన్‌ఫ్రాన్సిస్కో పాలకులు చెక్క కట్టడాల్లోని లాండ్రీలకు అనుమతి తప్పనిసరి చేశారు. అగ్నిభయమన్నది సాకు. ఊళ్లో దాదాపు 320 లాండ్రీలుంటే 310 చెక్కవే. అర్జీ పెట్టుకున్న సుమారు 200 మంది చైనీయుల్లో ఒక్కరికీ అనుమతి రాలేదు. చైనీయులు కానివారిలో ఒక్కరికి తప్ప అందరికీ దొరికింది. ‘యిక్ వో’ లాండ్రీ యజమాని జరిమానా కట్టకుండా జైలుకెళ్లి, సుప్రీంకోర్టు దాకా పోరాడి 1886లో గెలిచాడు. రాతలో వివక్ష లేకున్నా అమలులో ఉంటే చెల్లదని తీర్పు. కానీ చైనా కూలీల రాకను నిషేధించే చట్టం 1882లోనే వచ్చేసింది.