మిరప ఆకు ముక్కకు మొలక వచ్చిన కథ



రణపాల ఆకు ఒకటి తెంపి తడి మట్టిమీద పడవేయండి. కొన్నాళ్లకు ఆకు అంచుల నుండి పిల్ల మొక్కలు తలలెత్తుతవి. చెరకు ముచ్చె పాతితే కణుపు దగ్గర మొలక వచ్చును. మునగ కొమ్మ పాతితే చెట్టగును. మరి మిరప ఆకును తెంపి ఎంత మంచి మట్టిలో పెట్టినా ఏమగును? కుళ్లిపోవును. ఇందులో వింత ఏముందంటారా? ఈ చిన్న తేడాను దాటడానికి శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది. మన నెల్లికుదురు దిక్కున మిర్చి పెట్టేవారు ఈ చరిత్ర తెలుసుకోవలసిన అవసరం కూడా ఉన్నది.

అవసరం ఏమిటో ముందు చెప్పుతాను. 2021-22 పంట కాలంలో నల్ల తామర పురుగు వచ్చి తెలంగాణలోను, ఆంధ్రలోను మిరప తోటలను ఏమి చేసినదో మీకు నేను వర్ణించి చెప్పనక్కరలేదు. పూవు లోపలే దాగి పూతను రాల్చినది. మందు మీద మందు కొట్టినా లొంగలేదు. ఈ పురుగు మన దేశంలో మొదట 2015లో బెంగుళూరులో బొప్పాయి మీద కనబడినది. ఆరేండ్లలో మన తోటలకు చేరినది. దీనికి తోడు తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడుత వైరస్, అదే మీరు జెమిని వైరస్ అని పిలిచేది, ఏటేటా ఉండనే ఉన్నది. ఇటువంటి వాటిని తట్టుకొను గుణము మిరప జాతిలోనే దొరికితే సంకరము చేసి తేవచ్చును. దొరకనప్పుడు ఆ గుణమునిచ్చు జన్యువును ఇంకొక చోటి నుండి తెచ్చి మిరప కణములో పెట్టవలె. పెట్టుట ఒక ఎత్తు. ఆ ఒక్క కణము తిరిగి నిండు మొక్కగా లేచి రావడం ఇంకొక ఎత్తు. మిరప ఇక్కడే మొండికేసినది.

కణమునుండి మొక్కను లేపవచ్చునని మొదట ఊహించినవాడు ఆస్ట్రియా దేశస్థుడు గాట్లీబ్ హాబర్లాండ్. 1902లో ఆకు కణాలను విడదీసి గాజు పాత్రలలో పెట్టి పోషించినాడు. అవి కొన్నాళ్లు బ్రతికినవి, కొంచెం ఉబ్బినవి, కాని ఒక్కటీ రెండుగా చీలలేదు. ఆయన ఊహ తప్పు కాదు. కణాన్ని కదిలించే హార్మోనులు ఆనాటికి ఇంకా ఎవరికీ తెలియవు, అంతే.

ఆ హార్మోనులలో ముఖ్యమైన దాని సంగతి చిత్రంగా ఉంటుంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫోక్ స్కూగ్ అనే ఆచార్యుని దగ్గర కార్లోస్ మిల్లర్ పనిచేసేవాడు. పొగాకు కాండం లోపలి గుజ్జును పెంచుటకు ఏ పదార్థమైతే పనికివచ్చునా అని వెతుకుతూ, హెర్రింగ్ అనే చేప నుండి తీసిన డి.ఎన్.ఏ.ను వేసి చూచినారు. పాత సీసాలోనిది పనిచేసినది, కొత్తది పనిచేయలేదు! కొత్తదానిని కూడా ఉడికించితే అప్పుడు పనిచేసినది. ఆ విధంగా 1955లో కైనెటిన్ దొరికినది. అటువంటి పదార్థాలకే సైటోకైనిన్లు అని పేరు. రెండేండ్లకు, 1957లో, స్కూగ్, మిల్లరులు అసలు కిటుకు చెప్పినారు. ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేళ్లు వచ్చును. సైటోకైనిన్ పాలు ఎక్కువైతే చిగుళ్లు వచ్చును. రెండూ సరితూగితే ఆకారం లేని ముద్ద పెరుగును. ఆ ముద్దనే కాలస్ అంటారు. 1962లో మురషిగే, స్కూగు కలిసి తయారుచేసిన పోషక ద్రవము నేటికీ ప్రతి టిష్యూకల్చరు ప్రయోగశాలలోను వాడుకలో ఉన్నది.

ఇక్కడ ఒక మాట. అరటి టిష్యూకల్చరు మొక్కలను మీరు చూచియుందురు. అది వేరే పని. అక్కడ పిలకలోని పెరుగుడు మొనను తీసి దానినే పదింతలు చేస్తారు. మొగ్గ ముందే ఉన్నది. ఆకు ముక్కలో మొగ్గ లేదు, కొత్తగా పుట్టించవలె.

మన దేశం వారు ఈ కథలో వెనుక లేరు. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీశ్ మహేశ్వరి గారలు ఉమ్మెత్త పూవులోని పుప్పొడి తిత్తులను పెంచుచుండగా, పుప్పొడి రేణువులే పిండములుగా మారి మొక్కలైనవి. ప్రపంచమంతా ఆశ్చర్యపోయినది. ఈ ఉమ్మెత్త సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఉమ్మెత్త, పొగాకు, వంగ, టమాట, మిరప అన్నీ ఒకే కుటుంబము. పొగాకు అడిగినదే తడవుగా చిగురించును. వంగ కూడ మాట వినును. మిరప మాత్రం వినదు. 1978లో బొంబాయి భాభా అణు పరిశోధన కేంద్రములో గునే, పి.ఎస్. రావు గారలు మిరప మొలకల కాడలనుండి, పప్పు ఆకులనుండి మొక్కలను లేపినారు. తరువాత మన వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం వారు పట్టుబట్టినారు. 1976లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయంలో సుభాష్, క్రిస్టఫర్ గారలు మిరప పప్పు ఆకులనుండి నేరుగా మొక్కలు వచ్చిన సంగతిని 1988లో ప్రచురించినారు. మన ఊరు అప్పుడు వరంగల్ జిల్లాలోనిదే గదా, 2016లో మహబూబాబాదు జిల్లా ఏర్పడే వరకు. మన పంట మీద మన జిల్లాలోనే పని జరిగినదని ఎంతమందికి తెలుసు?

అయితే చిక్కు తీరలేదు. మిరప ముక్క మీద మొగ్గలు గుంపులు గుంపులుగా పుట్టును. క్యాబేజీ పూవులా ఆకులు గుత్తికట్టును. కాని కాండము సాగదు. సాగితే వేరు రాదు. ఒక రకానికి కుదిరిన పాళ్లు ఇంకొక రకానికి కుదరవు. జన్యువును ఎక్కించిన కణాలు వేరు, చిగురించే కణాలు వేరు అగుటచేత, వందల ముక్కలు పెట్టినా చేతికి వచ్చే మొక్కలు వేళ్ల మీద లెక్కపెట్టవలసినవే. హార్మోనుల సీసాలు మార్చి మార్చి చూచుటతో ఎన్నో ఏండ్లు గడిచినవి.

అప్పుడు కొందరికి ఇంకొక ఆలోచన తట్టినది. బయటినుండి హార్మోను పోసేకన్న, కణాన్ని లోపలినుండి మేల్కొలిపే జన్యువునే ఎక్కించితే? నిజానికి ఈ పని మట్టిలోని ఒక సూక్ష్మజీవి ఎప్పటినుండో చేయుచున్నది. ఆగ్రోబాక్టీరియం అను ఆ జీవి చెట్టు గాయములో దూరి, ఆక్సిన్, సైటోకైనిన్ తయారుచేయు తన జన్యువులను చెట్టు కణములో దించును. చెట్టుకు కంతి లేచును. ఆ కంతి జన్యువులను తీసివేసి, దానినే బండిగా వాడి 1983లో పొగాకులో మొదటి జన్యుమార్పిడి మొక్కలను పుట్టించినారు.

ఇక ఉమ్మెత్త దగ్గరికి వద్దాము. గుహ, మహేశ్వరి గారల బాటలోనే ఆవ జాతి మొక్క పుప్పొడిని పెంచి పిండములు చేయుట ఇతర దేశాల వారు నేర్చుకున్నారు. పుప్పొడి పిండముగా మారేటప్పుడు ఏ జన్యువు లేచి కూర్చుంటున్నదని వెతికితే ఒకటి దొరికినది. దానికి బేబీ బూమ్ అని పేరు పెట్టి 2002లో కిమ్ బుటిలియే, ఆమె తోటివారు ప్రకటించినారు. అది పనిచేసిన చోట, ఆకు మీదనే పిండములు మొలిచినవి. మన రణపాలను చూచినట్లే అనిపించును!

కాని అది ఎల్లకాలం పనిచేస్తూ ఉంటే మొక్క ఆకారం చెడును. బావి మోటారుకు స్టార్టరు లేకుండ రాత్రింబగళ్లు నడిస్తే ఏమగును? అందుకని ఒక మీట కట్టినారు. 2011లో నెదర్లాండ్సులో హైడ్‌మన్, బుటిలియే బృందము ఆవ జాతి బేబీ బూమును తీపి మిరపలో, అంటే మనం క్యాప్సికం అనేదానిలో, పెట్టినారు. డాక్టర్లు మనుషులకు ఇచ్చే డెక్సామెథసోను మందును సీసాలో వేసినప్పుడే ఆ జన్యువు పనిచేయును. మందు తీసివేస్తే ఊరకుండును. మొండి మిరప ఆ విధంగా లొంగినది.

తరువాత పనులు వేగం అందుకున్నవి. 2016లో అమెరికా విత్తన కంపెనీ పయనీర్ వారు బేబీ బూమును, వుషెల్ అను ఇంకొక జన్యువును కలిపి మొండి మక్క రకాలను లేపి, పని ముగిశాక వాటిని కోసివేసే ఏర్పాటు చేసినారు. 2020లో కాలిఫోర్నియాలో గోధుమ జన్యువులు రెంటిని జోడించి గోధుమను, వరిని సులువుగా చిగురింపజేసినారు. వీటిలో చాలా వాటికి పేటెంట్లు ఉన్నవి. ప్రభుత్వ పరిశోధన స్థానాలు వీటిని మన రకాల కొరకు వాడుకొనుటకు అవి అడ్డు కాకుండ చూడవలెనని నా అభిప్రాయము. తీపి మిరప వేరు, మన చపాట వేరు. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ చపాట మిర్చి కోసం పైదేశం వారు కష్టపడరు.

ఇంకొక సంగతి స్పష్టంగా చెప్పవలె. ఇవన్నీ ప్రయోగశాల ఫలితాలు. మన దేశంలో రైతులు సాగుచేయుటకు అనుమతి పొంది పొలానికి వచ్చిన జన్యుమార్పిడి పంట 2002లో వచ్చిన బి.టి. పత్తి ఒక్కటే. బి.టి. వంగను 2010 ఫిబ్రవరిలో ఆపినారు. జన్యుమార్పిడి మిరప విత్తనమని ఎవరైనా ప్యాకెట్టు తెచ్చి చెప్పితే అది అబద్ధము. రసీదు అడగండి, మండల వ్యవసాయ కార్యాలయానికి తెలియజేయండి.

వరిలో మాత్రం ఒక అడుగు పడినది. హైదరాబాదు రాజేంద్రనగరులోని భారతీయ వరి పరిశోధన సంస్థ వారు మన సాంబ మసూరిలో బయటి జన్యువు ఏదీ మిగలకుండ, ఉన్న జన్యువునే సవరించి కమల అను రకమును తీసినారు. 2025 మే 4న ప్రకటించినారు. వారు సవరించినది ఏ జన్యువు అనుకున్నారు? సైటోకైనిన్‌ను విరిచివేసే ఎంజైము జన్యువు. దానిని పనిచేయకుండ చేస్తే సైటోకైనిన్ నిలిచి, కంకికి గింజలు పెరుగునని వారి లెక్క. చేప డి.ఎన్.ఏ. పాత సీసాలో బయటపడిన ఆ హార్మోనే!