పాల క్యాన్ల కింద గోనెపట్ట

మదనపల్లె గురించి ఎవరు రాసినా 1919లో టాగూర్ ఇక్కడి బీసెంట్ కాలేజీలో ఉండి జనగణమనని ఇంగ్లీషులోకి తెచ్చిన సంగతితోనో, 1895లో ఇక్కడే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తితోనో మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ ఊరు పేరు వినగానే టమోటా లారీ గుర్తొస్తుంది. పుంగనూరు రోడ్డులో ఖాళీ లారీ వెనకాల బండి మీద వెళ్ళినవాళ్ళకి తెలుసు. చిన్న గుంట తగిలినా దాని వెనక భాగం గాల్లోకి లేచి దబ్బుమని పడుతుంది, గొలుసులు గలగలమంటాయి. అదే లారీ మార్కెట్ యార్డులో నిండా క్రేట్లు ఎక్కించుకుని తిరిగి వస్తే, అదే గుంట మీద ఒకసారి మెల్లగా వంగి, లేచి, తన దారిన తను పోతుంది. కమాను కట్టలు అవే, గుంటా అదే, మారింది బరువొక్కటే. ఆ కట్టల్ని లెక్కగట్టినవాడు టమోటాల్ని దృష్టిలో పెట్టుకున్నాడు, ఖాళీగా తిరిగొచ్చే డ్రైవరు నడుముని కాదు.

సైకిల్ వెనక షాకప్ గురించి నాకు తెలిసిన ముఖ్యమైన విషయం ఇదే. స్ప్రింగుని మంచిదనో చెడ్డదనో విడిగా చెప్పలేం. ఎంత బరువుకి, ఏ దారికి అని అడిగాకే దానికి అర్థం.

ఇది నేను నేర్చుకున్నది కాలర్ బోన్ విరగ్గొట్టుకుని. బెంగళూరులో ఒకాయన దగ్గర సెకండ్ హాండ్‌లో ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్ కొన్నాను. ముందూ వెనకా కూడా షాకప్ ఉండేది, వెనక చక్రం 140 మిల్లీమీటర్లు పైకీ కిందకీ ఆడేది. శనివారాలు రైల్లో కుప్పం వెళ్ళి చుట్టుపక్కల గుట్టల్లో తొక్కేవాణ్ణి. అక్కడి నేలంతా రాయి. ఏనుగు వీపుల్లాంటి గ్రానైట్ బండలు, వాటి మీద జారే గరుసు. కూర్చోగానే బైక్ వెనకభాగం మరీ కిందకి దిగిపోతోందని ఒకరోజు పంపుతో షాకప్‌లో గాలి పెంచాను. కూర్చుంటే గట్టిగా, హాయిగా ఉంది. రీబౌండ్ అనే ఎర్ర మరని మాత్రం ముట్టుకోలేదు. మొదటి బండ అంచు దిగేసరికి వెనక చక్రం నన్ను గాడిద తన్నినట్టు ముందుకి తన్నింది. గాలి పెరిగితే స్ప్రింగు ఎక్కువ బలంతో వెనక్కి తోస్తుంది, దాన్ని పట్టి ఆపే నూనె మాత్రం పాత లెక్కలోనే ఉంటుంది. ఇంజనీరింగ్‌లో వైబ్రేషన్స్ పేపర్ పాసైనవాణ్ణి. డాంపింగ్ రేషియో సూత్రం ఇప్పటికీ నోటికి వచ్చు.

చెయ్యి మెడకి కట్టుకుని పుంగనూరులో మా ఇంట్లో ఆరు వారాలు కూర్చున్నాను. ఈ వ్యాసంలో చరిత్ర అంతా ఆ ఆరు వారాల్లో చదివిందే.

నేను అనుకున్న కథ ఇది: ముందు కారుకి షాకప్ వచ్చింది, తర్వాత మోటార్ సైకిల్‌కి వచ్చింది, చివరికి డబ్బున్నవాళ్ళ సరదా కోసం సైకిల్‌కి వచ్చింది. అసలు కథ దీనికి తలకిందులు.

1880లలో సైకిల్ చక్రానికి గట్టి రబ్బరు పట్టీ ఉండేది, గాలి ఉండేది కాదు. రాళ్ళు పరిచిన వీధుల్లో దాన్ని తొక్కడం ఒక శిక్ష. అందుకని ఆ దశాబ్దంలో ఇంగ్లండులో రకరకాల స్ప్రింగు ఫ్రేములు వచ్చాయి. నాకు వాటిలో బాగా నచ్చింది 1885 నాటి విప్పెట్. లిన్లీ అండ్ బిగ్స్ వాళ్ళది. సీటు, పెడళ్ళు, హాండిల్ మూడింటినీ ఒక చట్రంగా కట్టి, చక్రాలున్న అసలు ఫ్రేము నుంచి ఆ చట్రాన్ని స్ప్రింగుతో వేలాడదీశారు. అంటే మనిషి శరీరం సైకిల్‌ని తాకే మూడు చోట్లూ కలిసే కదులుతాయి. సీటుకీ పెడల్‌కీ మధ్య దూరం మారదు కాబట్టి తొక్కుడు లయ చెడదు. ఈనాటి డిజైనర్లు వెనక చక్రం లింకేజి గీసేటప్పుడు తల పట్టుకునే సమస్యని, ఫుల్ సస్పెన్షన్ అన్న మాటే లేని రోజుల్లో, వాళ్ళు అవతలి వైపు నుంచి విప్పారు.

తర్వాత మూడేళ్ళకే, 1888లో, డన్లప్ గాలి టైరు వచ్చింది. (నిజానికి 1845లోనే రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండ్ ఆయన గాలి టైరుకి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి దాన్ని తొడగడానికి సైకిళ్ళు లేవు. ఆ పాత పేటెంట్ బయటపడి డన్లప్ పేటెంట్ చెల్లకుండా పోయింది.) గాలి టైరు ముందు స్ప్రింగు ఫ్రేములు నిలవలేదు. బరువు, ఖరీదు, కీచుమనే కీళ్ళు ఉన్న వాటిని ఎవరు కొంటారు? కొన్నేళ్ళలో విప్పెట్ లాంటివన్నీ పోయాయి. మంచి ఆలోచన ఓడిపోవడానికి అది తప్పు కానక్కర్లేదు, దాని కన్నా చవకైనది పక్కన వచ్చి నిలబడితే చాలు.

స్ప్రింగు వరకూ సరే. మరి దాన్ని అదుపు చేసేదో? స్ప్రింగుకి ఎంత ఇస్తే అంతా తిరిగిచ్చేస్తుంది, ఒక్క పైసా ఉంచుకోదు. నా కాలర్ బోన్ ఆ నిజాయితీకి బలి. తిరిగొచ్చే శక్తిలో కొంత ఎక్కడో ఖర్చు కావాలి, వేడిగా మారి గాల్లో కలవాలి. ఆ పని చేసే పరికరం మొదట కనపడింది 1898లో, ఫ్రాన్స్‌లో, ఒక పందెం సైకిల్ మీద. ట్రూఫో అనే ఆయన ముందు ఫోర్కుని స్ప్రింగుల మీద నిలిపి, వాటి ఊపు తగ్గించడానికి రాపిడి బిళ్ళలు బిగించాడు. ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ అనే అమెరికన్ దాన్ని చూసి, ఇది కారుకైతే ఎలా ఉంటుందని ఆలోచించాడు. ట్రూఫో-హార్ట్‌ఫర్డ్ పేరుతో ఆ రాపిడి షాకప్‌లు తొలినాటి కార్లకి ఎక్కాయి. కారు షాకప్ పుట్టిల్లు సైకిల్ అన్నమాట. ఈ వాక్యం చదివిన రోజు నొప్పి మాత్ర వేసుకోవడం మర్చిపోయాను.

రాపిడి పోయి నూనె వచ్చింది. సన్నటి రంధ్రాల గుండా నూనెని తోస్తే అది మొండికేస్తుంది, ఆ మొండితనమే డాంపింగ్. కానీ పని ఎక్కువైతే నూనెలో గాలి కలిసి నురుగవుతుంది, నురుగుకి మొండితనం ఉండదు. 1950లలో ఫ్రాన్స్‌కే చెందిన బూర్సియే ద కార్బోన్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. ఒకే గొట్టంలో నూనె, దాని అడుగున తేలే పిస్టను, దాని వెనక ఒత్తిడితో నింపిన గ్యాసు. నూనె ఎప్పుడూ నొక్కుడులోనే ఉంటుంది కాబట్టి నురగడానికి సందు దొరకదు. మా కాలేజీ రోజుల్లో పల్సర్ వెనకాల చిన్న డబ్బా మీద నైట్రాక్స్ అని రాసి ఉండేది. అదేదో స్పీడు పెంచే గ్యాసని మా హాస్టల్లో సగం మంది నమ్మకం. నేనూ నమ్మాను.

ఇక మన దగ్గరికి వస్తే, 1954లో భారత సైన్యం 800 బుల్లెట్లకి ఆర్డరిచ్చింది, 1955 నుంచి మద్రాసులో వాటి బిగింపు మొదలైంది. ఆ బుల్లెట్ గొప్పంతా శబ్దంలోనే ఉందని మనవాళ్ళు అనుకుంటారు. 1948లో ఇంగ్లండులో ఆ మోడల్ నమూనా బయటికొచ్చినప్పుడు విశేషంగా చెప్పుకున్నది దాని వెనక కాలు గురించి. వెనక చక్రాన్ని ఊగే చేతికి బిగించి, ఇరువైపులా నూనె షాకప్‌లు పెట్టారు. అప్పటికి చాలా మోటార్ సైకిళ్ళకి వెనక స్ప్రింగే లేదు, సీటు కింద స్ప్రింగులే గతి.

సీటు కింద స్ప్రింగులు అనగానే మా నాయన సైకిల్ కళ్ళ ముందుకొచ్చింది. 1949లో మద్రాసులో టీఐ, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో. మూడు కంపెనీలూ ఊరూరికీ పంపింది దాదాపు ఒకే బండిని, ఇంగ్లండు వాళ్ళు గీసిపెట్టిన నల్ల రోడ్‌స్టర్‌ని. తోలు సీటు, దాని కింద రెండు లావుపాటి చుట్ట స్ప్రింగులు. మన దేశం సైకిల్‌కి సస్పెన్షన్ అంటే అదే. ఆ స్ప్రింగులు మోసేది తొక్కేవాణ్ణి. క్యారియర్ మీద బరువుని కాదు. క్యారియర్ నేరుగా వెనక ఇరుసుకి బిగించి ఉంటుంది, అక్కడ దారికీ బరువుకీ మధ్య ఉన్నది టైరులో గాలి ఒక్కటే.

మా నాయన ఆ క్యారియర్‌కి రెండువైపులా పాల క్యాన్లు తగిలించుకుని పుంగనూరు చుట్టూ పల్లెలు పదిహేనేళ్ళు తిరిగాడు. (పుంగనూరు అనగానే అందరూ పొట్టి ఆవు గురించే అడుగుతారు. ఆయన మోసినవి జెర్సీ క్రాసు ఆవుల పాలు.) ఆ క్యాన్ల కింద ఆయన పాత ట్యూబు ముక్కలు, వాటి మీద నాలుగు మడతల గోనెపట్ట వేసేవాడు. చిన్నప్పుడు శబ్దం రాకుండా అనుకున్నాను. మంచం మీద పడుకుని ఇప్పుడు అడిగితే చెప్పాడు: "శబ్దం కాదురా, పుల్లలు తెగకుండా. ట్యూబు ఒక్కటే ఏస్తే క్యాను ఎగురుతాది. గోనెపట్ట ఏస్తే కూచుంటాది."

ట్యూబు స్ప్రింగు. గోనెపట్ట రాపిడి. 1898 నాటి ట్రూఫో సూత్రం మా వసారాలో ఉండేది. 1990ల మొదట్లో అమెరికాలో వచ్చిన మౌంటెన్ బైకులు కొన్నింటి వెనక షాకప్‌లో ఉన్నది కూడా రబ్బరు లాంటి దిమ్మలే, నూనె కాదు. వాటి మీద కొన్నవాళ్ళ ఫిర్యాదూ అదే: ఎగురుతోంది.

సైకిల్ ఇచ్చింది మళ్ళీ సైకిల్‌కి చేరడానికి దాదాపు వందేళ్ళు పట్టింది, అదీ మోటోక్రాస్ దారిలో. 1970లలో లుసియన్ టిల్కెన్స్ అనే బెల్జియం ఇంజనీరు రెండు షాకప్‌ల బదులు ఒకటే పెట్టే పద్ధతిని తయారుచేస్తే యమహా కొనుక్కుంది, 1973లో దాంతో హాకన్ ఆండర్సన్ 250 సీసీ ప్రపంచ టైటిల్ కొట్టాడు. మోటార్ సైకిల్ లోకం నుంచే కొందరు సైకిల్ వైపు వచ్చారు. రాక్‌షాక్స్ పెట్టిన పాల్ టర్నర్, మోటార్ సైకిల్ చాంపియన్ మెర్ట్ లావిల్, హార్స్ట్ లైట్నర్. లైట్నర్ వెనక ఇరుసుకి ముందు ఒక కీలు పెట్టాడు, బ్రేకు వేసినా తొక్కినా చక్రం తన పని తను చేసుకుపోయేలా. 1998లో ఆ పేటెంట్‌ని స్పెషలైజ్డ్ కొనేసింది. ఆ పేటెంట్ నడిచినన్నాళ్ళూ ఇంకొకరు ఆ కీలు వాడాలంటే డబ్బు కట్టాల్సి వచ్చేది, లేదా కీలుని అంగుళం పక్కకి జరిపి వేరే పేరు పెట్టుకోవాల్సి వచ్చేది. మౌంటెన్ బైకుల్లో అన్ని రకాల వెనక ఫ్రేములు ఎందుకున్నాయని అడిగితే సగం జవాబు భౌతికశాస్త్రం, మిగతా సగం లాయర్లు.

చెయ్యి బాగయ్యాక కొత్త షాకప్ వెతికాను. ఎంచుకోవడం అనేది పెద్ద మాట. ఫ్రేములో రెండు బోల్టుల మధ్య దూరం, పిస్టను కదలిక, ఈ రెండు అంకెలు సరిపోతేనే అది ఎక్కుతుంది. నాది 210 బై 55. చక్రం 140 కదిలితే షాకప్ 55 కదులుతుంది, అంటే చక్రం మీద పడే బరువు సగటున రెండున్నర రెట్లై షాకప్ మీద పడుతుంది. చుట్ట స్ప్రింగు కొనాలా గాలిదా అన్న చర్చలో నేను గాలి వైపు. చుట్ట స్ప్రింగు మెత్తగా, నమ్మకంగా ఉంటుంది, వేడికి మారదు. కానీ మన బరువు మారితే స్ప్రింగే మార్చాలి. గాలైతే పంపు చాలు, పైగా లోపలికి పోయేకొద్దీ తనే గట్టిపడుతుంది. అది చాలకపోతే లోపల ప్లాస్టిక్ బిళ్ళలు పెట్టి గాలికి చోటు తగ్గించొచ్చు. లోపల నూనె వెనకున్న నైట్రోజన్ వేరు, ఈ గాలి వేరు. మొదటిది ద కార్బోన్ గారిది, దాని జోలికి మనం పోకూడదు.

ఈసారి తొందరపడలేదు. హెల్మెట్, నీళ్ళ సంచీ అన్నీ పెట్టుకుని, గోడ పట్టుకుని బైక్ మీద కూర్చున్నాను. పిస్టను మీద రబ్బరు రింగుని కిందకి జరిపి, ఊపకుండా దిగి కొలిచాను. 55లో 30 శాతం అంటే పదహారున్నర మిల్లీమీటర్లు. పదమూడొచ్చింది. కొంచెం గాలి వదిలాను. పదహారు దగ్గర ఆపాను. ఆ తర్వాతే రీబౌండ్. పూర్తిగా బిగించి, ఒక్కో క్లిక్కు వదులుతూ మా ఇంటి మెట్టు మీద నుంచి దించాను. మరీ నెమ్మదిగా ఉంటే షాకప్ తేరుకునేలోపే రెండో రాయి వస్తుంది, మూడో రాయికి అసలు కదలడానికి చోటుండదు. మరీ వేగంగా ఉంటే గాడిద. మధ్యలో ఒకచోట వెనక చక్రం ఒక్కసారి లేచి, కూర్చుని, ఊరుకుంది. ఎనిమిదో క్లిక్కు. రేపు గాలి మారిస్తే ఈ ఎనిమిది కూడా మారాలి. నోటుబుక్కులో అది ఎర్ర ఇంకుతో రాసుకున్నాను.

నాయన వసారాలో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఆయన నడుములో డిస్కు జరిగి తొమ్మిదేళ్ళయింది. ఎంఆర్ఐ చూసిన డాక్టరు అది సైకిల్ వల్లే అని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. షాకప్ ధర ఆయనకి సగం తగ్గించి చెప్పాను, అయినా కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచొచ్చి అరచేత్తో సీటుని నొక్కి వదిలాడు. మళ్ళీ నొక్కాడు.

"నిదానంగా లేస్తాందే."

"లోపల నూనె ఉంది నాయనా."

"రెండు క్యాన్లు కడితే?"

"ఎన్ని లీటర్లవి?"

"ఇరవై."

ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచాను. పాలు లీటరుకి 1.03 కిలోలు, నలభై లీటర్లకి నలభై ఒకటి పైన, ఇనప క్యాన్ల బరువు కలుపుకుంటే ఇంకొంచెం, అదంతా వెనక చక్రం మీదే. గాలి చాలా పెంచాలి, రీబౌండ్ రెండు మూడు క్లిక్కులు బిగించాలి అన్నాను.

"ఒకటీ పాయింటు సున్నా మూడు అనేది," అన్నాడు ఆయన, "నీళ్ళు కలపని పాలకి."