సుక్మా కుర్రాడు, బాద్షా పాట

ర్యాపర్ బాద్షా 2021 ఆగస్టు 11న విడుదల చేసిన 'బచ్‌పన్ కా ప్యార్' పాట పేరెత్తితే జనానికి ముందు గుర్తొచ్చే గొంతు బాద్షాది కాదు. ఛత్తీస్‌గఢ్‌లో, పాత బస్తర్‌కు దక్షిణపు కొసన ఉన్న సుక్మా జిల్లా పిల్లవాడు సహదేవ్ దిర్దోది. ఆ గొంతు స్టూడియో గడప తొక్కడానికి రెండేళ్ల ముందే ఆ పాట పాడేసింది, బడిలో. ఆ రెండేళ్లలో నడిచిందంతా సెల్‌ఫోన్ల కథ.

సుక్మా మనకేమీ దూరదేశం కాదు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దగ్గర మొదలయ్యే 30వ నంబరు జాతీయ రహదారి కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు దాటి కోంటలో ఛత్తీస్‌గఢ్‌లోకి అడుగుపెడుతుంది. కోంట బజారులో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో దోర్లా ఆదివాసీలు మాట్లాడే మాటలో మన మాటలు కలిసిపోయి ఉంటాయి. కూనవరం దగ్గర గోదావరిలో కలిసే శబరి ఆ జిల్లా మీదుగా వచ్చేదే. అదే దారిలో ఇంకా పైకి వెళ్తే సుక్మా, ఆ తర్వాత జగ్దల్‌పూర్. 2012లో దంతెవాడ నుంచి విడదీసి సుక్మాను జిల్లా చేశారు. మన పేపర్లలో ఆ పేరు కనబడిందంటే అది ఎదురుకాల్పుల వార్తే అయి ఉండేది. 2021 జులైలో ఒక్కసారిగా పాట వార్త వచ్చింది.

ఆ పాట బస్తర్‌ది కాదు. గుజరాత్‌కు చెందిన ఆదివాసీ జానపద గాయకుడు కమలేష్ బారోట్ పాడిన హిందీ పాట. మయూర్ నదియా బాణీ కట్టాడు. 2019 నాటికే యూట్యూబ్‌లో ఉంది. చిన్ననాటి ప్రేమను మరిచిపోవద్దని వేడుకునే మామూలు పాట, పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టే రకం. గుజరాత్‌లో పుట్టిన పాట సుక్మా అడవి పల్లెల దాకా ఎలా వచ్చిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. అక్కడ చాలా ఊళ్లలో సిగ్నల్ లేకపోయినా ఫోన్ ఉంటుంది. సంతకు వెళ్లినప్పుడు సెల్ షాపులో మెమొరీ కార్డు నిండా పాటలు ఎక్కించుకోవడం, ఇంటికొచ్చాక బ్లూటూత్‌లో ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కు పంపుకోవడం టవర్లు సరిగా లేని ప్రాంతాలన్నిటా ఉన్న అలవాటే. మధ్య భారతంలో ఈ అలవాటు మీదే ఏకంగా ఒక రేడియో కట్టారు. 2010లో సీజీనెట్ స్వర అని ఒక ఫోన్ నంబరు పెట్టారు. గోండి లాంటి భాషల్లో జనం ఫోన్ చేసి తమ ఊరి గోడు చెప్పేవారు, పాటలు పాడేవారు. ఆ కార్యక్రమాలను బ్లూటూత్ మీద ఫోన్ నుంచి ఫోన్‌కు పంచే పద్ధతికి 'బుల్టూ రేడియో' అని పేరు పడింది. బ్లూటూత్ అన్న మాట జనం నోట్లో నలిగి బుల్టూ అయింది.

సహదేవ్ ఇంట్లో టీవీ లేదు, ఫోనూ లేదు. వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఎవరి ఫోన్లోనో విని పాట నేర్చుకున్నాడు. 2019లో, ఐదో తరగతిలో ఉండగా, సారు పాడమంటే పాడాడు. సారు తన ఫోన్లో రికార్డు చేశాడు. ఈ కథలో అసలు ఆవిష్కరణ ఏదైనా ఉందంటే అది ఆ కొద్ది సెకన్ల వీడియోనే.

దాన్ని ఇప్పుడు పెట్టుకుని చూసినా తేడా తెలుస్తుంది. కుర్రాడు నిటారుగా నిలబడ్డాడు. చేతులు కదలవు, తల ఊగదు. చూపు సూటిగా కెమెరా మీద ఉంది. ముఖంలో నవ్వు లేదు, సిగ్గు లేదు, ప్రేమ పాట పాడుతున్న జాడే లేదు. బడి ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పినట్టు, గుండెల నిండా గాలి పీల్చుకుని ఒకే జోరున పాడేశాడు. 'బచ్‌పన్' అన్న మాట అతని నోట 'బస్‌పన్' అయింది. నడివీధి విరహగీతాన్ని ఇంత క్రమశిక్షణగా పాడటంతోనే నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనకే ఆ గొంతు అంటుకుపోతుంది, వదలదు. శ్రుతి మాత్రం ఎక్కడా తప్పలేదు. ఈ సంగతి నవ్వినవాళ్లలో చాలామంది గమనించలేదనుకుంటాను.

రెండేళ్లు ఆ వీడియో ఎక్కడో పడి ఉంది. 2021 జులైలో ఎవరో పైకి లాగారు. దేశమంతా కరోనా రెండో వేవ్ దెబ్బకు కుదేలై, అప్పుడప్పుడే ఇళ్ల నుంచి బయటకొస్తున్న నెలలవి. జనానికి నవ్వుకోవడానికి ఏదో ఒకటి కావాలి. రీల్స్‌లో, వాట్సాప్ స్టేటస్‌లలో ఎక్కడ చూసినా ఆ కుర్రాడే. డీజేలు దానికి బీటు తగిలించారు. నెలాఖరుకు అప్పటి ముఖ్యమంత్రి భూపేష్ బఘేల్ అతన్ని పిలిపించి, పక్కన నిలబెట్టుకుని పాడించి, ఆ వీడియోను తానే ట్విటర్‌లో పెట్టారు. బాద్షా నుంచి కబురొచ్చింది, చండీగఢ్ రమ్మని.

బాద్షా అసలు పేరు ఆదిత్య ప్రతీక్ సింగ్. ఢిల్లీవాడు, చండీగఢ్‌లో సివిల్ ఇంజినీరింగ్ చదివాడు. 2018లో 17 పాటలతో 'వన్' అని సొంత ఆల్బమ్ తెచ్చాడు. 'ఒరిజినల్ నెవర్ ఎండ్స్' అన్న మాటలకు అది పొట్టి పేరు. పేరు ఘనంగానే పెట్టాడు గానీ, ఆ తర్వాత అతని చుట్టూ నడిచిన రెండు గొడవలూ ఒరిజినల్ అంటే ఏమిటన్న దాని మీదే నడిచాయి.

మొదటిది 2019 జులైలో వచ్చిన 'పాగల్'. 24 గంటల్లో 7.5 కోట్ల వ్యూలు, ప్రపంచ రికార్డు అని ప్రకటించుకున్నారు. కొరియా బృందం బీటీఎస్ రికార్డును దాటేశామన్నారు. డబ్బు కట్టి గూగుల్ ప్రకటనల ద్వారా తెప్పించుకున్న వ్యూలు అందులో ఉన్నాయని తేలడంతో యూట్యూబ్ ఆ రికార్డును గుర్తించలేదు. సెప్టెంబరులో లెక్కల పద్ధతే మార్చేసింది, తొలి 24 గంటల రికార్డుకు ప్రకటనల ద్వారా వచ్చిన వ్యూలు చెల్లవని. రెండోది 2020 మార్చి నాటి 'గేందా ఫూల్'. అందులో వాడుకున్న బెంగాలీ పల్లవి బీర్‌భూమ్ జానపద కళాకారుడు రతన్ కాహార్‌ది. పాట మీద ఆయన పేరు లేదు. జనం నిలదీశారు. అది జానపదమని, ఎవరి పేరూ తమకు కనబడలేదని బాద్షా సంజాయిషీ ఇచ్చుకుని, చివరికి ఆ పెద్దాయనకు 5 లక్షల రూపాయలు పంపాడు.

ఇదంతా జరిగిన ఏడాదికి సుక్మా పిల్లవాడి పాట చేతికొచ్చింది. ఈసారి పేరు మరిచిపోయే ప్రమాదం లేదు, అప్పటికే దేశమంతా ఆ పేరు తెలుసు. పాట పేరు పక్కన నలుగురి పేర్లు పడ్డాయి: బాద్షా, సహదేవ్ దిర్దో, ఆస్థా గిల్, రికో. వీడియోలోనూ కుర్రాడు ఉన్నాడు. 'గేందా ఫూల్' దెబ్బ పనిచేసిందనే నా అనుమానం. అనుమానమే, అతనెక్కడా చెప్పలేదు.

పాట విడుదలైన కొద్ది రోజుల్లోనే కోట్ల వ్యూలు వచ్చాయి. 'ఇండియన్ ఐడల్' వేదిక మీదికీ సహదేవ్‌ను పిలిచారు. విన్నవాళ్లు మాత్రం రెండుగా చీలారు. బస్తర్ పిల్లవాడికి ఇంత పేరొచ్చిందని సంతోషించినవాళ్లు కొందరు. నాలుగు రోజుల సరదాకు పిల్లవాణ్ని వాడుకుంటున్నారని గొణిగినవాళ్లు కొందరు. పాటగా చూస్తే నాకు నచ్చలేదు. బీటు బాగుంది, ఆస్థా గిల్ బాగా పాడింది, అంతా సాఫుగా ఉంది, ఆ సాఫే ఇబ్బంది. బడిలో ఆ గొంతుకు ఉన్న బిగువు స్టూడియోలో సడలిపోయింది. తోడు వాయిద్యాలు లేనప్పుడు పిల్లవాడు తాళాన్ని కూడా గొంతుతోనే మోశాడు. ఇక్కడ ఆ బరువు కంప్యూటర్ ఎత్తుకుంది. బాద్షా ర్యాప్ కుర్రాడి రెండు ముక్కల మధ్య ఖాళీ నింపడానికి వచ్చినట్టు ఉంటుంది. అయినా ఒకటి ఒప్పుకోవాలి. 'పాగల్' వ్యూలకు ప్రకటనలు కావలసి వచ్చిన చోట, బడి వీడియోను జనం పైసా ఖర్చు లేకుండా మోసుకుపోయారు. ఎవరి వెనక నడవాలో ఈసారి ఆ ర్యాపర్‌కు సరిగ్గానే తెలిసింది.

పాట ఎవరిదన్న ఇలాంటి గొడవే అదే ఏడాది మార్చిలో మన దగ్గర 'సారంగ దరియా' సినిమా పాట మీద నడిచింది. ఒక జానపదాన్ని తీసుకుని సుద్దాల అశోక్‌తేజ రాశారు, మంగ్లీ పాడింది, ఊరూరా మోగింది. అంతలో 'రేలా రె రేలా' టీవీ కార్యక్రమంలో ఆ జానపదాన్ని పాడిన కోమలి, ఆ పాటను వెలుగులోకి తెచ్చింది తాను కదా అని అడిగింది. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపూ పారితోషికమూ ఇస్తామని చెప్పాక సద్దుమణిగింది.

2021 డిసెంబరు 28న సుక్మాలో బైకు ప్రమాదంలో సహదేవ్ తలకు దెబ్బ తగిలింది. జగ్దల్‌పూర్ ఆసుపత్రికి తరలించారు. అతని కోసం ప్రార్థించండని బాద్షా ట్వీట్ చేశాడు. కొన్నాళ్లకు కోలుకుని ఇంటికి చేరాడు.

బాద్షా పాట పక్కన పడ్డ ఆ నలుగురి పేర్లలో కమలేష్ బారోట్ లేడు. అతని పాట ఇప్పటికీ యూట్యూబ్‌లో ఉంది. అతని గొంతులో అది ప్రేమ పాటలాగే వినిపిస్తుంది.