తట్టా చెమ్మస్ నుంచి డంపర్ దాకా: బొగ్గుబాయిల్లో పని ఎట్లా మారింది



ఈ మధ్య మనోళ్లు ఎక్కడ కలిసినా ఏఐ గురించి, రోబోల గురించే మాట. యంత్రాలు వస్తే ఉద్యోగాలు పోతాయా, పోవా అని ఒకటే వాదన. మా హాస్టల్ రూముల్లో కూడా అదే. మేము ఐదారుగురం కూర్చుని మాట్లాడుకుంటుంటే ఒకటి అనిపించింది. ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. మన ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు, బెల్లంపల్లి, రామగుండం నేల కింద డెబ్బై ఏళ్లకు పైగా ఇదే కథ నడుస్తోంది. అందుకే సింగరేణి బాయిల్లో పని ఎట్లా మారిందో రాస్తున్నాం. పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

మొదట బొగ్గు దొరికిన కథ. భద్రాచలం పోయే యాత్రికులు వంటకు నల్లరాళ్లు పెట్టి పొయ్యి వెలిగిస్తే ఆ రాళ్లే అంటుకున్నాయని అందరూ చెప్తారు. ఆ కథలో యాత్రికులు ఉంటారు, రాళ్లు ఉంటాయి. ఆ అడవిలో అప్పటికే ఉన్న కోయోళ్లు మాత్రం ఎక్కడా కనపడరు! సరే, కాగితం మీదున్న చరిత్ర ఏమిటంటే, 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కు తీసుకుంది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇల్లెందుకు బొగ్గుట్ట అనే పేరు ఇప్పటికీ ఉంది.

అప్పుడు బాయి పని అంటే తట్టా చెమ్మస్. మందు పెట్టి పేల్చాక రాలిన బొగ్గును చెమ్మస్‌తో తట్టలోకి ఎత్తి, తట్టను మోసుకుపోయి టబ్బులో పోయాలి. ఈ పని చేసేటోళ్లే ఫిల్లర్లు. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలీ. టబ్బులు తోయడానికి ట్రామర్లు, పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టడానికి టింబర్‌మెన్లు, బాయి మీద ఇంకో వంద రకాల పనులు. బాయి దిగినోళ్లలో ఎక్కువమంది పేద కులాల వాళ్లే. మన కోయలు, గోండులు, లంబాడాలు కూడా దిగారు. అప్పుడు కావాల్సింది రెండు చేతులు, గట్టి వెన్నెముక. వేలిముద్ర వేసే మనిషికి కూడా పని దొరికేది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, మిగతా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

యంత్రాలు ఒక్కరోజున దిగలేదు. 1948లో బొగ్గు కోసే మెషిన్ వచ్చింది. 1953లో జాయ్ లోడర్ వచ్చింది. అయినా ఫిల్లర్లు వేల మంది అట్లనే ఉన్నారు, ఎందుకంటే చేతి పని చవక. అసలు మార్పు 1970ల తర్వాత. 1979లో ఎస్‌డీఎల్ అనే చిన్న లోడర్ బండ్లు దిగాయి. ఫిల్లర్ తట్టతో ఎత్తే బొగ్గును దాని బకెట్టు ఎత్తుతుంది, ఒక ఆపరేటర్ నడుపుతాడు. 1981లో రోడ్ హెడర్, 1983లో లాంగ్‌వాల్ వచ్చాయి. లాంగ్‌వాల్‌లో పెద్ద కోత యంత్రం బొగ్గు గోడ పొడుగునా అటూ ఇటూ తిరుగుతూ కోస్తుంది, కోసింది గొలుసు కన్వేయర్ మీద పడి పోతుంది, పైకప్పును హైడ్రాలిక్ సపోర్టులు మోస్తాయి. అవే ముందుకు జరుగుతాయి కూడా. అంటే ఫిల్లర్, ట్రామర్, టింబర్‌మెన్, ముగ్గురి పనీ ఒకే చోట యంత్రంలోకి పోయింది.

ఇవన్నీ భూమి లోపలి సంగతి. దీనికన్నా పెద్ద దెబ్బ పైనుంచి వచ్చింది. 1975లో ఓపెన్‌కాస్ట్ మొదలైంది. ఇక బాయి దిగే పని లేదు, భూమినే పైనుంచి ఒలిచేస్తారు. అడవి, చేను, ఊరు, గుడి, చెరువు తీసేసి, మట్టి పేల్చి, షావెల్‌తో ఎత్తి డంపర్లలో పోస్తారు. ఆ మట్టినే ఓబీ అంటారు. మన దగ్గర కొత్తగా లేచిన గుట్టలన్నీ అవే. ఒక పెద్ద డంపర్ ఒక్క ట్రిప్పులో 100 టన్నులు మోస్తుంది. టబ్బులో పట్టేది టన్ను అటూఇటూ. లెక్క మీరే వేసుకోండి. ఇప్పుడు సింగరేణి బొగ్గులో 80 శాతానికి పైగా ఓపెన్‌కాస్ట్ నుంచే వస్తోంది. టేకులపల్లి మండలంలో ఉన్న ఒక ఓసీ పేరు కోయగూడెం ఓసీ. పేరు మనది.

ఇప్పుడు అసలు లెక్క. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పని చేసేవాళ్లు. అప్పుడు ఏడాదికి తీసే బొగ్గు 2 కోట్ల టన్నుల చుట్టూ. 2023-24లో తీసింది 7 కోట్ల టన్నులు. పర్మనెంటు కార్మికులు 40 వేల చుట్టూ. బొగ్గు మూడింతలు దాటింది, మనుషులు సగానికన్నా తగ్గారు. ఈ 40 వేలలో కాంట్రాక్టు వాళ్లు లేరు. ఓబీ మట్టి ఎత్తే పని చాలావరకు ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతిలో ఉంది. కాంట్రాక్టర్ తన బండ్లు తెచ్చుకుంటాడు, చాలాసార్లు తన డ్రైవర్లను కూడా తనే తెచ్చుకుంటాడు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, యంత్రం వచ్చిన రోజున ఫిల్లర్‌ను బయటికి నెట్టడం పెద్దగా జరగలేదు. కొందరిని బాయి మీద పనులకు మార్చారు, కొందరు వాలంటరీ రిటైర్మెంటు తీసుకున్నారు, మిగతావాళ్లు వయసు అయిపోయి దిగిపోయారు. దిగిపోయిన వాళ్ల జాగాలో కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గిపోయింది, అంతే. గొడవ లేదు, చప్పుడు లేదు. తాతకు పని ఉంది, నాన్నకు బదిలీ వర్కర్‌గా ఎప్పుడో ఒకప్పుడు మస్టర్ పడింది, మనవడి దగ్గరికి వచ్చేసరికి ఆ పనే లేదు. ఉద్యోగం పోయినోడు కనపడితే జనం మాట్లాడతారు. పుట్టని ఉద్యోగం గురించి ఎవరు మాట్లాడతారు?

పాత పనే బాగుండేదని మేము అనడం లేదు. మా దోస్తుల తాతల ఊపిరితిత్తులు ఎట్లా ఉండేవో అందరికీ తెలుసు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. తట్ట మళ్లీ నెత్తికెత్తుకుందామని ఎవరం అనం.

ఆడోళ్ల సంగతి ఇంకా చిత్రం. ఒకప్పుడు దేశంలోని బొగ్గు గనుల్లో ఆడవాళ్లు కూడా లోపలికి దిగి బొగ్గు మోసేవాళ్లు. తర్వాత నిబంధనలు వాళ్లను పైకి పంపించాయి, 1952 గనుల చట్టం ఆ నిషేధాన్ని గట్టిగా రాసింది. 2019లో కేంద్రం షరతులతో మళ్లీ అనుమతి ఇచ్చింది. కానీ అప్పటికి లోపల చేతి పని చాలావరకు లేదు. ఆ అనుమతితో దిగాలంటే డిప్లొమానో, ఇంజనీరింగో లాంటి టెక్నికల్ చదువు కావాల్సి వచ్చింది. మన అక్కాచెల్లెళ్లలో మైనింగ్ డిప్లొమా చేసినోళ్లు ఎంతమంది?

చదువు విషయంలోనే మనం ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యం. చేతులు చాలు అన్నప్పుడు మన దగ్గర చేతులున్నాయి. పదో తరగతి అడిగినప్పుడు మనకు హాస్టళ్లు సరిగ్గా లేవు. మేము మా ఇళ్లల్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కేసరికి ఐటీఐ, హెవీ లైసెన్సు, డిప్లొమా అడుగుతున్నారు. మా రూములో ఒకతను బీఏ చదువుతూ హెవీ లైసెన్సుకు డబ్బులు కూడబెడుతున్నాడు. మంచిదే. కానీ ఆస్ట్రేలియాలో పిల్బరా అనే చోట ఇనుప ఖనిజం మోసే పెద్ద ట్రక్కులు డ్రైవర్ లేకుండానే తిరుగుతున్నాయి. సుమారు 1,500 కిలోమీటర్ల దూరంలో పెర్త్ నగరంలో కూర్చున్న మనుషులు స్క్రీన్ల మీద వాటిని చూసుకుంటారు. పిల్బరా కూడా అక్కడి ఆదివాసుల నేలే. మొదట బాయిలో పని ఊరి పక్కనే ఉండేది. ఇప్పుడు నేల మనూళ్లో, కుర్చీ పట్నంలో ఉండే రోజులు వస్తున్నాయి.

కొత్త ఓసీ వస్తుందన్నప్పుడు మన ఊర్లలో మొదట అడిగేది ఎకరానికి ఎంత అని. తర్వాత ఇంటికో ఉద్యోగం ఇస్తారా అని. రెండూ అడగాల్సిందే. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను గానీ, తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలి. ఆ సభలో ఇంకో నాలుగు మాటలు కూడా అడిగి కాగితం మీద రాయించుకోవాలని మా ఆలోచన. ఈ గనిలో పర్మనెంటు పోస్టులు ఎన్ని, కాంట్రాక్టువి ఎన్ని? ఏ మెషిన్‌కు ఏ సర్టిఫికెట్ కావాలి? ఆ ట్రైనింగ్ భూమి పోయిన పిల్లలకు గని మొదలవక ముందే ఇస్తారా, తర్వాతనా? పదేళ్ల తర్వాత ఆ మెషిన్ మారితే ఆ ఆపరేటర్‌ను ఏం చేస్తారు?

ఇంకో పని పెట్టుకున్నాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఎవరి ఊర్లో వాళ్లు పెద్దోళ్లను అడిగి రాసుకురావాలి: 1990లో మీ ఊరి నుంచి బాయి పనికి పోయినోళ్లు ఎంతమంది, ఏ పని చేసేవాళ్లు, ఇప్పుడు ఎంతమంది, అందులో పర్మనెంటు ఎవరు, కాంట్రాక్టు ఎవరు, ఆడవాళ్లు ఎందరు. టేకులపల్లి, ఇల్లెందు, మణుగూరు వైపు ఊర్లు మేము చూసుకుంటాం. బెల్లంపల్లి, మందమర్రి, ఆసిఫాబాద్ వైపు వాళ్లు మీ ఊర్ల లెక్క గ్రూపులో పెట్టండి. ఊరి పేరు, సంఖ్యలు చాలు, మనుషుల పేర్లు వద్దు.